షడ్డకుడు కంపైలేశ్వర్రావు

మా షడ్డకుడు మా ఇంటికొస్తే గుమ్మంలో చెప్పులు విప్పుతాడు, హాల్లో నా లాప్‌టాప్ విప్పుతాడు. మంచినీళ్ళ గ్లాసు ఆ తర్వాతే. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఆధార్ కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. బంధువర్గమంతా ఆయన్ని కంపైలేశ్వర్రావు అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. శాలువా కప్పించుకున్నంత హుందాగా తలపంకిస్తాడు.

ఉద్యోగం బ్యాంకులో. కంప్యూటర్ల సెక్షన్‌ అనుకునేరు, బంగారం మీద అప్పులిచ్చే సెక్షన్. పగలంతా ఊళ్ళోవాళ్ళ గొలుసులు తూకం వేయించి, రాత్రి భోజనమయ్యాక లినక్స్ ముందు కూర్చుని సాఫ్ట్‌వేర్లు కంపైల్ చేస్తాడు. 2004లో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన లినక్స్ సీడీలే తన సంసారంలో నిప్పులు పోశాయని మా వదినగారి నమ్మకం. ఆ సీడీలింకా ఇంట్లోనే ఉన్నాయి. ఒకటి బాల్కనీలో పావురాలు రాకుండా దారానికి వేలాడుతోంది. పావురాలు మాత్రం దాన్ని చూసి భయపడతాయి.

కంపైల్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రామర్లు మనుషులు చదవగలిగే భాషలో రాసేది సోర్సు. దాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చడం కంపైలింగు. లినక్స్ వాడేవాడు ఈ పని తనే చేసుకోనక్కర్లేదు. డెబియన్ వాళ్ళో ఉబుంటు వాళ్ళో ముందే చేసి, ప్యాకేజీ కట్టి సర్వర్లో పెడతారు. ఒక్క ఆజ్ఞ ఇస్తే వచ్చి కూర్చుంటుంది. కానీ ఆయన దృష్టిలో అది షాపులో ఆవకాయ సీసా కొనుక్కోవడం. "ఎవడో కలిపింది మనం తింటామా తమ్ముడూ?" అంటాడు. (ఆవకాయ సంగతికొస్తే, వాళ్ళింట్లో తినేది షాపు సీసాయే. జాడీలుండే అల్మారాలో ఇప్పుడు సీపీయూ ఉంది.)

ఈ మతానికొక పీఠం కూడా ఉంది. పేరు జెంటూ లినక్స్. డేనియల్ రాబిన్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. 1.0 వెర్షను 2002 మార్చిలో వచ్చింది. అందులో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర్నుంచి కాలిక్యులేటర్ దాకా మీ యంత్రం మీదే కంపైలవ్వాలన్నది ఆచారం. పెంగ్విన్లన్నిట్లోకీ నీళ్ళలో వేగంగా ఈదేది జెంటూ పెంగ్విన్, అందుకని ఆ పేరు. విజయవాడ సత్యనారాయణపురంలో, మా షడ్డకుడి ఇంట్లో, ఆ వేగం కళ్ళారా చూసినవాళ్ళు లేరు. జెంటూ ఎక్కించుకున్న నెల కరెంటు బిల్లు చూసి వదినగారు, "మేడమీద అద్దెకెవరైనా దిగారేమిటండీ?" అని అడిగింది.

కంపైలు పనుల్ని వరసలో పెట్టి చేయించే ప్రోగ్రాముకి మేక్ అని పేరు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఆ పేరు పెట్టేటప్పుడు తెలుగు అత్తగార్ల గురించి ఆయనకెవరూ చెప్పలేదు. "మేక్ కదలడం లేదు." "మేక్ నిన్నట్నుంచి ఒకేచోట నిలబడిపోయింది." "ఇక మేక్‌ని చంపెయ్యక తప్పదు." పక్కగదిలోంచి ఇవన్నీ వింటూ మా అత్తగారు, పెద్దల్లుడు మేకల వ్యాపారంలో దెబ్బతిన్నాడని రెండేళ్ళు లోలోపల కుమిలిపోయింది. ఒక సంక్రాంతికి ఎవరూ చూడకుండా ఆయన చేతిలో పదివేలు పెట్టింది. ఆయన కాదనలేదు. తీసుకెళ్ళి ర్యామ్ కొన్నాడు.

మేక్ కన్నా ముందు కాన్ఫిగర్ అనే తతంగం ఒకటుంటుంది. సంబంధం ఖాయం చేసే ముందు వాకబు చేస్తారే, అలాంటిది. కంపైలరుందా, ఉంటే పనిచేస్తోందా, ఫలానా లైబ్రరీ ఇంట్లో ఉందా అంటూ తెరమీద ప్రశ్నలు వరసగా పడతాయి. చాలా ప్యాకేజీల్లో మొదట్లోనే పడే ప్రశ్న ఏమిటంటే: ఈ కట్టుబడి జరిగే వాతావరణం మతి స్థిమితంగా ఉందా? నేను కల్పించడం లేదు, అక్షరాలా అదే అడుగుతుంది. అర్ధరాత్రి రెండు గంటలు. ఒంటిమీద బనీను. పక్కన మీగడ కట్టిన కాఫీ. గుమ్మంలో చేతులు కట్టుకుని వదినగారు. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి 'ఎస్' అని జవాబు వేస్తుంది. అది చదివి ఆవిడ లోపలికి వెళ్ళిపోతుంది.

నిజానికి ఆ ప్రశ్న చూసేది ముఖ్యంగా గడియారాన్ని. ఆ కథ తర్వాత చెబుతాను.

అన్నీ సజావుగా సాగుతున్నంతసేపూ ఆయన మొహంలో కళ ఉండదు. అసలు మనిషిని చూడాలంటే మేక్ నిలిచిపోవాలి. జలజలా పారుతున్న అక్షరాలు ఒకచోట ఆగి, కర్సరు ఒక్కటే మిణుకుమిణుకుమంటుందే, అప్పుడు కుర్చీ ముందుకు లాక్కుంటాడు. ఆసుపత్రిలో దగ్గరి బంధువు మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఫోనెత్తడు. "ఎప్పటికవుతుంది?" అని వదినగారు అడిగితే, "ఒక ప్రోగ్రాము ఎప్పటికైనా ఆగుతుందో, ఆగకుండా నడుస్తూనే ఉంటుందో అన్ని సందర్భాల్లోనూ తేల్చిచెప్పే పద్ధతి ఉండదని ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడే!" అంటాడు. గ్యాసు బుక్ చేశారా అన్నా ట్యూరింగే. ఆ ట్యూరింగెవరో ఆవిడకి తెలియదు. ఆయన భార్య ఎలా వేగిందో పాపం అని మాత్రం ఓసారి అంది. పెళ్ళి చేసుకోలేదని నేను చెప్పాను. "తెలివైనవాడే," అంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆయనకీ విద్యలో నిజంగా ప్రవేశముంది. కంపైలప్పుడు వచ్చే మౌనాలు మూడు రకాలని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. టాప్ అనే ప్రోగ్రాము తెరిచి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. కంపైలరు పేరుకి ఎదురుగా ప్రాసెసరు వాడకం నూటికి నూరు చూపిస్తుంటే అది పనిలో ఉన్న మౌనం. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పెద్ద ఫైలు ఒక్కదాన్నే నిమిషాల తరబడి నములుతుంది, జోలికి పోకూడదు. ప్రాసెసరు ఖాళీగా ఉండి, స్థితి గడిలో డీ అనే అక్షరం నిలబడి, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంటే అది ఆకలి మౌనం. మెమరీ చాలడం లేదు. ఇక ప్రాసెసరూ ఖాళీ, డిస్కూ ఖాళీ, ఎక్కడా చప్పుడు లేదంటే అది అలక. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కాడన్నమాట. ఏదో అడిగాడు, మనం వినిపించుకోలేదు.

ఇంత చక్కగా చెప్పిన మనిషి, తన యంత్రం ఆగినప్పుడు మాత్రం ఈ మూడింట్లో దేన్నీ చూడడు. ముందు కంపైలర్లో బగ్గుందంటాడు. ఆ కంపైలరు జీసీసీ 1987లో స్టాల్‌మన్ చేతిలో పుట్టిందని తడుముకోకుండా చెబుతాడు (సొంత కూతురు ఏ క్లాసంటే వేళ్ళు లెక్కపెడతాడు), అయినా దాన్ని నమ్మడు. తర్వాత అనుమానం కెర్నల్ మీదికి పోతుంది. టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టి, ప్రపంచంలో అతివేగమైన 500 సూపర్‌కంప్యూటర్లన్నిటిలోనూ 2017 నుంచి నడుస్తున్న కెర్నల్‌లో ఇన్నాళ్ళూ ఎవరికంటా పడని తప్పు సత్యనారాయణపురంలో రెండో అంతస్తులో దొరుకుతుందని ఆయన ఆశ. దొరికితే పేపర్లో పడుతుందని కూడా చిన్న ఆశ ఉంది.

ఒక శివరాత్రికి అలకే తగులుకుంది. ఏదో ప్యాకేజీ కట్టబోయాడు. తెరమీద చెత్త పడకుండా, పద్ధతిగా ఉంటుందని, అక్షరాలన్నీ ఒక ఫైల్లోకి పోయేలా మళ్ళించి ఎంటర్ నొక్కాడు. పదకొండింటికి ఆగింది. లింగోద్భవ కాలం దాటింది. కంపైలర్ని తిట్టాడు, కెర్నల్ని తిట్టాడు, రెండుసార్లు మొదట్నుంచి చేశాడు. మళ్ళీ అక్కడే. తెల్లవారుజామున స్ట్రేస్ పెట్టి చూశాడు. ప్రోగ్రాము నాడి పట్టుకుని, అది కెర్నల్‌తో ఏం మాట్లాడుతోందో చెప్పే వైద్యుడది. 'రీడ్, సున్నా' దగ్గర ఆగి ఉంది. సున్నా అంటే కీబోర్డు వైపు చెవి. ఫైలు తెరిచి చూస్తే అడుగున ఒకే ఒక వాక్యం: లైసెన్సు షరతులు మీకు సమ్మతమేనా, అవునా కాదా? యంత్రం ఆయన కోసం, ఆయన యంత్రం కోసం ఆ రాత్రంతా జాగారం చేశారు. వై నొక్కాడు. నాలుగు నిమిషాల్లో పని పూర్తయింది. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో ఆ శివుడికే తెలియాలి.

గడియారం కథ ఇంకా విచిత్రం. మేక్ బుర్రంతా పాతకొత్తల లెక్క. వండిన కూర కన్నా సంచిలోని వంకాయ కొత్తదైతే మళ్ళీ వండుతుంది, లేకపోతే ఉన్నది చాలంటుంది. ఒకసారి ఆయన ఏదో పాత ప్యాకేజీ మొదలుపెడితే అది ఆగలేదు. అలాగని ముందుకీ పోలేదు. మొదటి మెట్టు మీదే ఎక్కుతూ దిగుతూ, అవే నాలుగు వరసలు అంతు లేకుండా వేస్తూ కూర్చుంది. ఇది స్థిమితం ప్రశ్న అడగని రకం ప్యాకేజీ. అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేది. రోజూ బ్యాంకునుంచి రావడం, స్విచ్చి వెయ్యడం, ఆ గానుగెద్దుని చూడడం, స్విచ్చి ఆపడం. మూడో రోజు మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చింది. రాహుకాలం చూసుకోవడానికి కంప్యూటరు మూలనున్న గడియారం చూడడం ఆవిడకలవాటు.

"నాయనా, మూడ్రోజుల్నుంచీ దీన్లో గురువారమే. గురువారమైతే రాహుకాలం ఒంటిగంటన్నరకి, మంగళవారమైతే మూడింటికి. దేన్ని నమ్మమంటావు?"

చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయి, స్విచ్చి వేసినప్పుడల్లా యంత్రం ఆ గురువారంలోనే కళ్ళు తెరుస్తోంది. ప్యాకేజీలో ఫైళ్ళేమో అయిదేళ్ళ తర్వాతివి. మేక్ తన పట్టిక తయారుచేసుకుంటుంది. దానిమీద 2009 అని పడుతుంది. మూలం 2014 నాటిది కనుక పట్టిక పాతదైపోయిందనుకుంటుంది. మళ్ళీ తయారుచేస్తుంది. మళ్ళీ 2009. గడియారాల షాపులో సీఆర్ 2032 బ్యాటరీ కొని వేస్తే సాయంత్రానికి పనైపోయింది. అప్పట్నుంచి మా అత్తగారంటే ఆయనకి గౌరవం పెరిగింది. మేకలు ఎలా ఉన్నాయని ఆవిడడిగినా విసుక్కోకుండా బాగున్నాయంటాడు.

ఇలాంటి మనిషి వస్తున్నాడంటే బంధువులు లాప్‌టాప్‌లు దాచేస్తారు. మా ఆవిడ తోడికోడళ్ళ వైపు ఒకాయన బీరువాలో వెండి కంచాల వెనక పెట్టి తాళం వేస్తాడు. నాకా తెలివి లేకపోయింది.

2023 దసరా. నాది పాత లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. నామీద జాలితో జెంటూ కాకుండా లినక్స్ మింట్ ఎక్కించింది కూడా ఆయనే. హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని కనుక, లిబ్రె ఆఫీసులో నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు రాసుకోవడమే దాంతో నాకున్న పని. ఆయుధపూజ రోజు మా ఆవిడ స్కూటరుకీ మిక్సీకీ పెట్టిన చేత్తోనే లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టింది. బొట్టు ఆరకముందే ఆయన మూత తెరిచాడు.

"లిబ్రె ఆఫీసు వెర్షనెంత?"

"7.3 అన్నయ్యగారూ."

రిపోర్టు చూసి నోరు చప్పరించే డాక్టర్లుంటారే, అలా చప్పరించాడు. 7.6 వచ్చి రెండు నెలలైందట. కొత్తదాంట్లో ట్యాంకరు ఖర్చేమైనా తగ్గుతుందా అన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు.

లిబ్రె ఆఫీసు 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడిపోయి వేరుకాపురం పెట్టిన ప్యాకేజీ. సామాను మాత్రం ఉమ్మడి కుటుంబమంత. లక్షల వరసల సీ ప్లస్ ప్లస్. ఒకేసారి ఎన్ని పనులు నడపాలో ముందే ఒక అంకె చెప్పాలి. నా ప్రాసెసరు కిందామీదా పడి నాలుగు నడపగలదు. ఆయన ఎనిమిదిచ్చాడు. "ధైర్యముండాలి తమ్ముడూ!"

పెళ్ళివారి వంటపందిరి ఊహించుకోండి. వంటవాళ్ళు ఎనిమిదిమంది. కూరలు తరగడానికి ఉన్న బల్ల ఒక్కటే, ఇద్దరు ముగ్గురికి సరిపోయేది. ఆ బల్ల ర్యామ్. చోటు చాలనివాళ్ళ గిన్నెలు సందు చివర గోడౌన్లో పెట్టి రావాలి. అది స్వాప్, అంటే హార్డ్ డిస్కులో అరువు తెచ్చుకున్న మూల. వంకాయ కావాలంటే గోడౌనుకి పరుగు. అది పెట్టుకోడానికి బల్లమీద చోటు కావాలి కనుక బెండకాయల గిన్నె పట్టుకుని మళ్ళీ గోడౌనుకి. కాసేపటికి బల్ల దగ్గర తరిగేవాడు లేడు, ఎనిమిదిమందీ సందులోనే ఉన్నారు. పెళ్ళివారికి లోపలినుంచి బ్రహ్మాండమైన హడావుడి వినబడుతుంది. విస్తట్లో ఉప్పు కూడా పడదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి మౌసు బాణం ఆగింది. గంట చూపించే అంకెలు 1:07 దగ్గర నిలిచాయి. డిస్కు లైటు మాత్రం కన్నార్పడం లేదు. ఆకలి మౌనమే కదండీ అన్నాను, ఆయన పాఠం ఆయనకే అప్పజెబుతూ. "కంపైలర్లో బగ్గులా ఉంది," అన్నాడు. తెరలు లేని నల్ల కన్సోలులోకి పోయి లాగిన్ అవబోయాడు. యూజరు పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ అడగడానికి దానికి చాలాసేపు పట్టింది. కొట్టేలోగా '60 సెకన్ల గడువు దాటింది' అని చెప్పి తలుపు మూసింది. అడిగింది అది, ఆలస్యం చేసింది అది, తప్పు మనది. ఇలా నాలుగుసార్లు. కరెంటాఫీసు క్యూలో కూడా ఆయన్నింత ఓపికగా ఎప్పుడూ చూడలేదు. పవర్ బటన్ నొక్కేద్దామన్నాను. కత్తి దూసినట్టు చూశాడు.

దీపాలవేళకి కెర్నలే తెగించింది. మెమరీ పూర్తిగా నిండుకుంటే, ఎక్కువ తింటున్నవాణ్ణి చూసి బలిచ్చి మిగతావాళ్ళని బతికించే ఏర్పాటు దాంట్లో ఉంది. పేరు ఓఓఎం కిల్లర్. ఆ పేరు ఆయన పైకి చదివేసరికి పక్కనున్న మా అత్తగారికి 'ఓం' వరకే వినబడి కళ్ళకద్దుకుంది. కంపైలరు హతమైనట్టు కెర్నల్ చిట్టాలో స్పష్టంగా రాసి ఉంది. బగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఒక్కో పనికి కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలని సాక్షాత్తూ జెంటూ హ్యాండ్‌బుక్కే చెబుతోందట. ఇరవై ఏళ్ళుగా ఆయన పారాయణ చేస్తున్న గ్రంథమది. ఆ పేజీ దగ్గర ఎప్పుడూ నిద్ర వచ్చి ఉంటుంది.

అయితే ఆ రాత్రి ఆయన్ని చూసి తీరాలి. ఎనిమిదిని ఒకటి చేశాడు. స్వాపుకి ఇంకో 4 జీబీ చోటు కల్పించాడు. బ్రౌజరు మూశాడు. ఒక్క వంటవాడు, ఒక్క బల్ల, తీరుబడిగా తరుగుడు. తిరుగు రైలు టికెట్టు క్యాన్సిల్ చేసుకుని, బ్యాంకుకి జ్వరమని చెప్పి, కుర్చీలోనే కునుకుతూ కాపలా కాశాడు. ఫ్యాను గాలి సరిపోవడం లేదని లాప్‌టాప్ కింద మా ఆవిడ అప్పడాల కర్రలు రెండు పెట్టాడు. మధ్యలో నాకు మెలకువ వచ్చి చూస్తే, తెర వెలుగులో అక్షరాలు పైకి పోతున్నాయి, ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒకటిన్నర రోజు పట్టింది. అయిపోయింది. తెరిచాం. ట్యాంకరు ఖర్చు పైసా మారలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆయన మొహంలో మాత్రం, ఆడపిల్లని అత్తారింటికి పంపి పందిట్లో ఒంటరిగా కూర్చున్న తండ్రి కనబడ్డాడు.

"ఇంకేమైనా ఉందా మీ ఇంట్లో?" అని అడిగాడు.

2024 ఫిబ్రవరి మొదటి వారంలో ఫోను. "తమ్ముడూ, లిబ్రె ఆఫీసు 7.6 తర్వాత ఏకంగా 24.2! పదహారు మెట్లు వెనకబడిపోయావు!" ఆ అంకెకి అర్థం 2024వ సంవత్సరం, రెండో నెల అని, లెక్కపెట్టే పద్ధతి మార్చారంతేనని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ఉగాదికి టికెట్టు తీసుకున్నాడు.

నా లాప్‌టాప్ అడుగు మూత తీస్తే రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంది. ఆ సంగతి ఆయనకింకా తెలియదు. ఇది చదివే వాళ్ళలో మా బంధువులెవరైనా ఉంటే, దయచేసి చెప్పకండి.